పొయ్యి లేని మూడు రోజులు

మా పెరుందేవత్తకు కాశీ చూడాలని గానీ, సముద్రం చూడాలని గానీ ఎప్పుడూ అనిపించలేదు. ఆమె కోరిక ఒక్కటే. మూడు రోజులు పొయ్యి ముట్టించకుండా ఉండాలి.

విన్నవాళ్ళు నవ్వేవారు. అత్త మా నాయనకు అక్క. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో వాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో ఏది వండినా ముందు పెరుమాళ్ళకు ఆరగింపు, అంటే నైవేద్యం, కావాలి. ఆ తర్వాతే మనుషులకు. అత్త తన చేత్తో వండింది తప్ప ఇంకెవరి వంటా ముట్టదు, హోటల్లో కాఫీ కూడా తాగదు. అందుకని ఆమె వండకపోతే ఆమెకే తిండి లేదు. ఒళ్ళు కాలిపోతున్నా లేచి చారు కాచుకోవలసిందే. పెళ్ళిళ్ళకు పోయినా, చేతి వంట బాగుంటుందని ఎవరో ఒకరు ఆమెను వంటింట్లోకి లాక్కుపోయేవారు. పెళ్ళికూతురు ముఖం చూడకుండానే ఇంటికి వచ్చిన పెళ్ళిళ్ళు చాలా ఉన్నాయి.

ఎనభై మూడు వేసవిలో యతిరాజులు మామ ఎట్లాగో మనసు చేసుకున్నాడు. మామ మార్కెట్ కమిటీ ఆఫీసులో గుమాస్తా. హార్సిలీ కొండమీద కొత్తగా కట్టిన ఒక లాడ్జిలో, తోటి గుమాస్తా దామోదరం ద్వారా మూడు రోజులకు గది దొరికింది. బాడుగ ముందే కట్టేశారు. నాకు యూనివర్సిటీ సెలవులు. తోడుకు రమ్మన్నారు.

"గది అగ్గువేలే అప్పా, కూడు దగ్గరే గుంజుతారు," అని దామోదరం ముందే చెప్పాడు. "ఆడ మెస్సులో తిన్నావంటే నీ జీతం ఆడనే వదిలేసి రావాల."

"మేమెందుకు తింటాం మెస్సులో?" అంది అత్త.

బయలుదేరే ముందురోజంతా ఆమె పొయ్యి దగ్గరినుంచి లేవలేదు. పెద్ద ఇత్తడి గిన్నె నిండా పులిహోర, ఓళిగలు, డబ్బా నిండా మురుకులు, రవ్వలడ్లు. అన్నిటికీ ఆరగింపు చేసి, మూటలు కట్టి, పొయ్యి అలికి, దానిమీద పీట బోర్లించింది. "ఇంక దీని మొహం మూడు రోజులు చూడను," అంది. ఆమె అంత చిన్నపిల్లలాగా నవ్వడం నేను చూడడం అదే మొదటిసారి.

పీలేరు మీదుగా మదనపల్లెకు ఒక బస్సు, అక్కడినుంచి కొండమీదికి ఇంకో బస్సు. పైన గాలి చల్లగా ఉంది. లాడ్జి గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న వాచ్‌మన్ మమ్మల్ని ఆపాడు. అతని పేరు ఎల్లప్ప అని తర్వాత తెలిసింది.

"సంచుల్లో ఏముండాయి సార్?"

"బట్టలు," అన్నాడు మామ.

ఎల్లప్ప గట్టిగా గాలి పీల్చాడు. "బట్టలకు ఇంగువ వాసన వస్తాదా సార్?"

మామ నేల చూపులు చూశాడు. గేటు పక్క గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: బయటి భోజనం లోపలికి తేరాదు.

"నేనేం సేసేది సార్? మెస్సు ఉండాది గదా లోపల. ఈ కూడు లోపలికి ఇడిస్తే మేనేజరు నా ఉద్యోగం పీకేస్తాడు. ఈడ పెట్టేసి పోండి, పోయేటప్పుడు తీసుకుందురు."

అత్త ముందుకు వచ్చింది. "కూడు కాదు నాయనా. ప్రసాదం."

ఆమె అబద్ధం చెప్పలేదు. వాళ్ళ ఇంట్లో ఆరగింపు అయినదాన్ని అన్నం అనరు, ప్రసాదం అనే అంటారు. భోంచేశావా అని అడగాలన్నా "ప్రసాదం అయిందా?" అంటారు. నేను ఆ ఇంట్లో విన్న రోజువారీ మాట అది. కానీ ఎల్లప్ప చెప్పులు విడిచేశాడు.

"యాడి నుంచి వస్తాండారు తల్లీ?"

"తిరుపతి నుంచి."

అంతే. ఎల్లప్ప తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని రెండు చేతులూ దోసిలి పట్టాడు. "తిరపతి ప్రసాదమా! నా పున్నెం. రోంత పెట్టు తల్లీ."

"కొండ ప్రసాదం కాదు నాయనా, మా ఇంట్లో చేసింది," అని అత్త చెబుతూనే ఉంది.

"యాడ చేస్తే ఏమమ్మా? గోయిందుని ఊరు నుంచి వచ్చిండాది గదా!"

అత్త మూట విప్పి అతని దోసిట్లో పులిహోర పెట్టింది. అతను కళ్ళకద్దుకుని, "ఒసే మునిరత్నా!" అని భార్యను కేకేశాడు. ఆమె వెనకే తోటమాలి వచ్చాడు. మెస్సులో వంటవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బెంగుళూరు నుంచి వ్యానులో వచ్చిన కుటుంబం ఒకటి వరండాలో కూర్చుని ఉంటే వాళ్ళూ లేచి వచ్చారు. చివరికి మేనేజరే వచ్చాడు. ఎల్లప్ప గోడ మీది రాత వైపు చూసి బిక్కమొహం వేశాడు. మేనేజరు మాత్రం చేతి గడియారం పైకి జరుపుకుని చెయ్యి చాచాడు. తిని, ఇంట్లో ముసలమ్మ ఉందని చెప్పి, ఆకులో ఇంకొంచెం కట్టించుకున్నాడు.

"మనకు కొంచెం ఉంచవే," అని మామ గొణిగాడు.

"ప్రసాదానికి చెయ్యి చాపితే లేదని యెట్లా అనేది?" అంది అత్త. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది.

వ్యానువాళ్ళ పాప మురుకుల డబ్బా మీద వేలు పెట్టి, "అదీ ప్రసాదమా?" అని అడిగింది. అత్త కాసేపు ఆ డబ్బానే చూసింది. కాదంటే ఐపోయేది. "అవును తల్లీ," అంది.

మేము గదిలోకి పోయేటప్పటికి గిన్నె అడుగున మెతుకులు, ఆకుల్లో ఓళిగల పొడి మిగిలాయి.

సాయంత్రం మామ మెస్సులోకి పోయి బోర్డు చదివి వచ్చాడు. మదనపల్లెలో ఇద్దరు కడుపునిండా తినే డబ్బుకు అక్కడ ఒక ప్లేటు. ఒక్క టోకెను తీసుకుని నన్ను తినమన్నాడు. నేను సగం ఆయన వైపు జరిపితే, వడ్డిస్తున్న వంటవాడు అరిచాడు: "ఒక ప్లేటు ఇద్దరు తినగూడదు సార్!" మధ్యాహ్నం గేటు దగ్గర మా పులిహోర తిన్నది అతనే. రెండో టోకెను కొనక తప్పలేదు. అత్త గదిలో అరటిపండ్లు తిని, నీళ్ళు తాగి పడుకుంది.

తెల్లవారినాక మామ, "దిగిపోదామా?" అన్నాడు.

"కట్టిన బాడుగ తిరిగి ఇస్తారా?"

"ఇవ్వరు."

అత్త కిటికీ దగ్గరికి పోయింది. కిటికీలోంచి కొండ వాలు, యూకలిప్టస్ చెట్లు, ఎక్కడో కింద ఒక చెరువు మెరుస్తూ కనబడుతున్నాయి. దేనికోసం వచ్చిందో అదంతా ఆమె ఎదురుగానే ఉంది. పొయ్యి లేదు. తిండీ లేదు.

ఎల్లప్ప భార్య మునిరత్నమ్మ పాలు తెచ్చి, సంగతి విని చెంపలు వాయించుకుంది. "మీ నోటి కాడిది మేం తినేసినామా తల్లీ! మా కొట్టం ఎనకాల మూడు రాళ్ళు పెడతా, కట్టెలిస్తా. నీ గిన్నెలోనే వండుకో. మేనేజరు ఆ పక్కకు రాడు."

ఆమె ఎంతో దయతో అంది. కొట్టం వెనక ఆమె పెట్టిన మూడు రాళ్ళను అత్త చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపింది.

అంగట్లో బియ్యం, కందిపప్పు, చింతపండు కొనుక్కొచ్చాం. కట్టెలు పచ్చివి. పొగకు ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. మామ ఊదుతానంటే పక్కకు జరగమంది. చారు మరిగే వేళకు బెంగుళూరు ఆయన గ్లాసు పట్టుకుని కొట్టం వెనక్కి వచ్చేశాడు.

"అమ్మా, ఈ పొద్దు ప్రసాదం ఉండాదా?"

మామకు ఒళ్ళు మండింది. "లేదు స్వామీ, ఇది ఉత్త చారు!"

"అట్లా అనకండి, ఆరగింపు అయింది," అని అత్త గ్లాసు నింపింది. రాత్రికి ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువ వేసింది.

"పొయ్యి వద్దని గదా నిన్ను ఇంత దూరం తెచ్చింది," అన్నాడు మామ. "తెచ్చి తెచ్చి కొండమీద పొయ్యి ముందర కూర్చోబెట్టినాను."

"ఊరుకోండి. గాలైనా చల్లగా ఉండాదిలే."

ఆఖరి సాయంత్రం అందరూ సూర్యాస్తమయం చూడ్డానికి కొండ అంచున ఉన్న బండ దగ్గరికి పోతున్నారు. అత్తను రమ్మన్నాం. "అన్నం ఉడుకుతాండాది, వదిలేసి యెట్లా వచ్చేది? మీరు పోయి చూసి రాండి. వచ్చి చెబుదురు," అంది.

బండమీద మామా నేనూ నిలబడ్డాం. ఆకాశం అంచు నుంచి అంచు దాకా కుంకుమ రంగు పరుచుకుంది. దూరపు కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కరిగిపోతున్నాయి. చుట్టుపక్కల వాళ్ళు కేకలు పెడుతున్నారు. మామ చూడలేక ముందే వెనుదిరిగాడు. నేనూ వెనకే నడిచాను.

కొట్టం దగ్గర అత్త పొగలోంచి తలెత్తింది. "యెట్లా ఉండాది?"

మామ నా వైపు చూడకుండా, "ఏముండాది, అంతా మబ్బు పట్టేసింది. ఏమీ కనపడలేదు," అన్నాడు.

"అయ్యో, పాపం," అంది అత్త. "అంత దూరం నడిచి పోతిరే. కాళ్ళు కడుక్కోండి, ఆరగింపు చేసి వడ్డిస్తా."