సుభద్రమ్మ టీచరూ, ఆరో రాణీ

ముందు రాట్నం వినబడింది. వేసవి మధ్యాహ్నం ఒక తుమ్మెద గదిలో దారి తప్పినట్టు సన్నగా, ఆగి ఆగి. నేను గుమ్మంలో చెప్పులు విప్పేసరికి ఆ చప్పుడు నిలిచిపోయింది. కనుబొమల మీద దూదిపొట్టుతో సుభద్రమ్మ టీచర్ బయటికొచ్చారు.

"ఒసే, నువ్వా! ఈ ఎండలో ఏటే? రా, కూకో."

పొందూరు బడిలో ఆవిడ మాకు సాంఘికశాస్త్రం చెప్పారు. పుస్తకంలో ఒక్క వాక్యంతో దాటిపోయే ఇంగ్లండు ఎనిమిదో హెన్రీ రాజు ఆవిడ నోట రోజుల తరబడి బతికేవాడు. అతని ఆరో రాణి క్యాథరిన్ పార్ అంటే టీచర్‌కు ప్రాణం. ముగ్గురు తల్లులకు పుట్టిన ముగ్గురు పిల్లల్ని దగ్గరికి తీసిన మనిషి. ఆమె రాణిగా ఉన్న రోజుల్లో గీసిన రాజకుటుంబం బొమ్మలో, రాజు పక్కన కూర్చున్నది మాత్రం అప్పటికే చనిపోయిన మూడో రాణి. యువరాజును కన్నది ఆమె కదా మరి. క్యాథరిన్ నిలువెత్తు బొమ్మ వేరే ఉంది. దానికీ కొంతకాలం ఇంకో అమ్మాయి పేరు తగిలించారు. చివరికి రొమ్ము మీది కిరీటం ఆకారపు పతకాన్ని బట్టి పోల్చుకున్నారు. ఇది చెప్పేటప్పుడు టీచర్ గొంతు తడిసిన ఇసుకలా మెత్తబడేది.

టీచరూ అలాగే, ఇంకొకరి తర్వాత రెండో భార్యగా వచ్చారు. ఆవిడ భర్త నరసింగరావుగారి మొదటి భార్య దుర్గ పోయేనాటికి కూతురు హేమ ఇంకా నడక నేర్వని పిల్ల. ఆ పిల్లను పెంచింది టీచరే. ఇప్పుడు నరసింగరావుగారూ లేరు.

ఆ రోజు హేమ అక్కడే ఉంది. శ్రీకాకుళంలో కట్టుకున్న కొత్తింట్లో పెట్టడానికి, తన దగ్గరున్న పాత ఫొటోలు కలిపించి అమ్మానాన్నల పెద్ద ఫొటో చేయిస్తోంది. స్టూడియో రమేష్‌బాబు నమూనా తెచ్చాడు. అందులో టీచర్‌ను పెట్టమని హేమ చెప్పలేదు. టీచర్ అడగలేదు. అతను కాగితం విప్పుతుంటే మాత్రం ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూనే ఉన్నారు.

నరసింగరావుగారు, ఆయన పక్కన దుర్గ, ఆమె చేతుల్లో పసి హేమ. దుర్గ మెడ దగ్గర టీచర్ చూపు ఆగింది.

"ఒరే రమేషూ, ఈ ఒళ్లు ఎక్కడిదిరా?"

"హేమమ్మ ఇచ్చిన ఫొటోలోదే టీచరమ్మా. దాని మొహం సెదలు తినేసినాయి. మొహం ఒక్కటే ఏరే ఫొటోలోంచి తెచ్చి అతికినాను."

"అది నేనురా! మెళ్లో సవతి బిళ్ల సూడు."

మొదటి భార్య పోయాక వచ్చినావిడ, పోయినావిడ పేరున చిన్న బంగారు బిళ్ల పుస్తెలతో పాటు కట్టుకోవడం ఆ ఇంటి ఆచారం. ఫొటో పెద్దది చేసేసరికి బిళ్ల బయటపడింది. దుర్గ మెడలో దుర్గ పేరు బిళ్లే వేలాడుతోంది.

"తన బిళ్ల తనే కట్టేసుకున్నాదే మా అక్క!" టీచర్ పగలబడి నవ్వారు.

"సెరిపేస్తాను టీచరమ్మా. ఎంత పని?"

"సెరిపేయ్," అన్నారు టీచర్. నవ్వు మెల్లగా తగ్గింది.

హేమ నవ్వలేదు. బొమ్మలోని చేతుల మీద వేలు పెట్టింది.

"అమ్మ సేతులనుకున్నాను పిన్నీ. సిన్నప్పట్నుంచీ ఈ ఫొటో దాసుకున్నాను. నన్నెత్తుకున్నది నువ్వా?"

"మరెవరే? ఒక్క సోట ఉన్నావేటి నువ్వు! ఆ ఫొటో తీసేలోగా నా మూడు గాజులు ఇరగ్గొట్టినావు."

హేమ బొమ్మ మీంచి వేలు తీసింది. తర్వాత రమేష్‌బాబు వైపు తిరిగింది.

"బిళ్ల సెరపకు. ఈ ఒంటికి పిన్ని మొహమే పెట్టు. అమ్మకి ఏరే సీర కట్టి నాన్నకి ఆ పక్కన నిలబెట్టు."

"టీచరమ్మ పాత మొహం మన దగ్గర లేదు గదమ్మా."

"ఇప్పుడు తియ్యి."

"పడుసు ఒంటికి ముసిలి మొహమేటే, నీ బుర్ర పోనాదా!" అని కసిరారు టీచర్.

"ఉండనీ. నాకు తెలిసిన మొహం అదే."

రమేష్‌బాబు కెమెరా ఎత్తాడు. టీచర్ మేకుకి వేలాడుతున్న అద్దం తీసి చూసుకున్నారు, జుట్టు సర్దుకున్నారు, నా వైపు తిరిగారు.

"ముందు పన్ను ఊడిపోనాది సూడే. నవ్వమంటావా, నోరు మూసుకోమంటావా?"