గోడకు దూప

ఎండకు, వానకు గోడ ఎలా తడిసి ఆరుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టడం నా ఉద్యోగం. సరిచూసుకోవడానికి జైనూర్‌లో ఒక ముసలవ్వ ఇంటి మట్టిగోడకు తేమ కొలిచే సెన్సార్ బిగించాను. నా లెక్క తప్పుతూనే ఉంది. ప్రతి శుక్రవారం తేమ గీత పైకి లేచేది. విసిగి, ఒక శుక్రవారం బస్సెక్కి వెళ్లాను. అవ్వ పేడనీళ్లతో గోడ అలుకుతోంది, సెన్సార్‌తో సహా.

"ఎందుకవ్వా?"

"గోడకు దూప గాదా బిడ్డా?" అని, దాహం తీరుస్తున్నట్టు తడి అరచేత్తో గోడను నిమిరింది.

వద్దని చెప్పే ఓపిక లేక తిరిగొచ్చాను.

ఈ ఎండాకాలం వరుసగా నాలుగు శుక్రవారాలు గీత లేవలేదు. లెక్క మొదటిసారి అచ్చంగా సరిపోయింది. సెన్సార్ పాడైందేమోనని అవ్వ కొడుక్కి ఫోన్ చేశాను.

"గోడ ఎవ్వలు అలుకుతలేరు సార్. అవ్వ పోయి నెలాయె."