తిన్నవా? ఏం కూర?

ఆ రోజుల్లో నా దగ్గర నీతి ఎక్కువ, కూర తక్కువ. చదువైపోయి కోరుట్లలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబులో కొత్తగా కుదిరాను. సిరిసిల్లలో మా ఇంటి చుట్టూ సాంచాలే (మరమగ్గాలను మేం అలాగే అంటాం). నిద్రపోయినా, చదువుకున్నా, మోకాళ్ల మీద ప్రార్థన చేసినా ఆ టకటకలోనే. కోరుట్లలో అద్దెకు తీసుకున్న గదిలో అది లేదు. అన్నం నములుతుంటే నా దవడల చప్పుడు నాకే వినిపించేది. ఆ చప్పుడు వింటే ఎంత దిగులు వేసేదంటే, కొన్నాళ్లకు నమలడమే తగ్గించాను. వంట మానేసి అరటిపండ్లతో, బిస్కెట్లతో పొద్దు గడుపుతూ, నెలాఖరుకు ఉద్యోగం వదిలేసి ఇంటికి పోవాలని గట్టిగా అనుకున్నాను. ఇంట్లో ఏ కారణం చెప్పాలన్నదొక్కటే తేలలేదు. ఒంటరిగా ఉందని చెబితే మా అన్న (నన్ను ఏడిపించడం వాడికి రెండో ఉద్యోగం) బతికినంతకాలం వదలడు.

ఆదివారం మాత్రం నలుగురి మధ్య ఉండేవాణ్ణి. మా చర్చి రేకుల షెడ్డు, మా పాస్టరయ్యది మైకు అక్కర్లేని గొంతు. ఒక ఆదివారం ఆయన పది ఆజ్ఞల మీద ప్రసంగం ఎత్తుకున్నాడు. "క్యాలెండర్ల పది ఆజ్ఞలు అచ్చేసి గోడకు తగిలేస్తె ఏం ఫాయిద? సోమారం పొద్దుగాల గవి మీ నోట్లె ఉండాలె, మీ చేతులల్ల ఉండాలె. పదీ ఒక్కపారే మీతోని కాదు. తలా ఒక్కటి పట్టుకోండ్రి, గట్టిగ పట్టుకోండ్రి" అన్నాడు. గదికి వచ్చి చాప మీద కూర్చుని ఏది పట్టుకోవాలా అని ఆలోచించాను. నరహత్యకు నాకు ధైర్యం లేదు, కాబట్టి ఆ ఆజ్ఞ పాటించడంలో నా గొప్పేమీ లేదు. వ్యభిచారానికి ఎవరూ పిలవలేదు. తల్లిదండ్రులను సన్మానించడం ఫోన్లో నడుస్తూనే ఉంది. ఇలా ఏరుకుంటూ పోతే అబద్ధం చెప్పకూడదన్న తొమ్మిదోది చేతికి తగిలింది. ఇది తేలిక అనుకున్నాను. నాతో మాట్లాడే మనిషే లేనప్పుడు ఇక అబద్ధం చెప్పేదెవరికి?

సోమవారం పొద్దున్నే తెలిసింది, నా ఉద్యోగమే ఒక అబద్ధం మీద నడుస్తోందని. సూది గుచ్చే ముందు ల్యాబు వాళ్లందరూ చెప్పే మాట ఒకటుంది కదా, "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది" అని. ఏ చీమా అలా కుట్టదు. ఆ రోజు మొదటి గిరాకీ వడ్ల వ్యాపారం చేసే ఒక భారీ మనిషి. చేయి చాపి, "నొప్పి ఐతదా?" అని అడిగాడు. "ఐతది. మీ నరం దొరుకుతలేదు, రెండు మూడు సార్లు గుచ్చుతనేమో" అన్నాను. ఆయన చొక్కా చేయి కిందికి లాక్కుని, మళ్లీ వస్తానని చెప్పి, చెప్పులు చేత పట్టుకుని మరీ వెళ్లిపోయాడు. మా ల్యాబు సారు నన్ను లోపలికి పిలిచాడు. "సత్యం జెప్పాల్నని ఉంటె సాయంత్రం జెప్పుకో. పొద్దుగాల గిరాకీ టైంల గాదు" అన్నాడు. ఆనాటి నుంచి సూది గుచ్చేటప్పుడు నోరు మూసుకున్నాను. మౌనం అబద్ధం కాదు కదా.

గదికి వస్తే మాత్రం మౌనం కుదరదు. ఇంటి యజమానురాలిని అందరూ ఖాలా (ఉర్దూలో పిన్ని) అనేవారు. భర్త సౌదీలో, కూతురు పెళ్లయి నిజామాబాదులో. ఆమె పొద్దంతా వరండాలో మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టేది. నా గదికి ఆ వరండా పక్క నుంచే దారి. నేను కనబడగానే తల ఎత్తకుండా, కాలు ఆపకుండా, "తిన్నవా బేటా?" అనేది. "తిన్న ఖాలా" అనేవాణ్ణి. మా వైపు ఈ ప్రశ్నకు ఇదొక్కటే జవాబు. ఆకలితో కళ్లు తిరుగుతున్నా తిన్నాననే అంటాం. అది పలకరింపే కానీ విచారణ కాదు. కానీ ఆ సోమవారం సాయంత్రం నేను ఆజ్ఞ పట్టుకుని ఉన్నాను.

"తిన్నవా బేటా?"

"లేదు ఖాలా. తినలే."

మిషను ఆగిపోయింది. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. ఆ వరండా పుట్టిన తర్వాత అలాంటి జవాబు విని ఉండదు. "ఎందుకు తినలే? పానం మంచిగ లేదా?"

దీనికీ నిజమే చెప్పాలి. "పానం మంచిగనే ఉన్నది ఖాలా. ఒక్కనికి వండుకోబుద్ధి అయితలేదు" అన్నాను. ఆ మాట నేను అంతవరకు ఎవరితోనూ అనలేదు. చెప్పాక ముఖం కనబడకుండా బూట్లు విప్పుతున్నట్టు వంగాను (నేను తొడుక్కున్నవి చెప్పులు). ఆమె మిషను ముందు నుంచి లేచింది. కాసేపటికి పళ్లెంలో వేడి అన్నం, పప్పు, కోడిగుడ్డు అట్టు నా గది గుమ్మం మీదికి వచ్చాయి. సిగ్గుపడుతూనే మొత్తం తిన్నాను.

మర్నాడూ అదే ప్రశ్న, అదే నిజం, అదే పళ్లెం. ఆ మర్నాడు బగారన్నం. అక్కడే నాకు భయం పట్టుకుంది. ల్యాబు నుంచి బయలుదేరేటప్పుడే ఈ రోజు ఏం కూరో అని నోరూరుతోంది. పొరుగువారిది ఏదీ ఆశించకూడదన్నది పదో ఆజ్ఞ. అంటే తొమ్మిదోది నిలబెట్టుకుంటూ పదోదాన్ని రోజూ పళ్లెంలో పెట్టుకుని తింటున్నానన్నమాట. దీనికి తోడు మూలమీది కిరాణా సేటు నన్ను చూసి, "ఖాలకు కొత్త అల్లుడు దొరికిండంట గదా!" అని నవ్వాడు. ఇలా కాదని, ఒక సాయంత్రం బస్టాండు దగ్గర నిలబడి అరటిపండ్లు తిని, నిజాయితీగా "తిన్న ఖాలా" అందామని వెళ్లాను.

"తిన్నవా బేటా?"

"తిన్న ఖాలా!"

"ఏం కూర?"

ఈ రెండో ప్రశ్నను నేను మరిచేపోయాను. మా ప్రాంతంలో మొదటి ప్రశ్న నుంచి తప్పించుకున్నవాళ్లు కూడా రెండోదాని దగ్గర దొరికిపోతారు. "అరటిపండ్లు" అన్నాను నేల చూపులు చూస్తూ. "అరటిపండ్లు కూర ఎప్పటి సంది అయినయ్?" అంటూ ఆమె పళ్లెం కోసం లేచింది.

ఇక లాభం లేదని, ఆమె నమాజుకు లోపలికి వెళ్లే వేళ చూసి పిల్లిలా గదిలోకి జారుకోవడం మొదలుపెట్టాను. మళ్లీ బిస్కెట్లు, మళ్లీ నా దవడల చప్పుడు. ఈసారి అది మరీ పెద్దగా వినిపించింది. సంచి సర్దేసుకున్నాను. నెలాఖరు దాకా ఎందుకు, ఈ వారమే పోదామనిపించింది. ఒక సాయంత్రం అలాగే జారుకోబోతే ఆమె నమాజు ముగించుకుని వరండాలోకి వచ్చేసింది. తప్పించుకునే దారి లేదు. ఆమె నోరు తెరవకముందే నేనే అడిగేస్తే పోలా అన్న ఉపాయం ఆ క్షణంలో తట్టింది.

"తిన్నవా ఖాలా?" అన్నాను, దాదాపు అరిచినట్టు.

ఆమె తడబడింది. "ఆ... తిన్న బేటా."

అలవాటు ఊరుకోదు కదా. "ఏం కూర?" నా నోరు దానంతటదే అడిగేసింది.

ఖాలా మిషను ముందు కూర్చుంది. మిషను మీదున్న గుడ్డను సర్దింది, దారం చూసింది, మళ్లీ గుడ్డను సర్దింది. చివరికి నవ్వింది కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "చాయ్, పావ్" అంది. "ఒక్కదానికి ఏం వండుకుంట బేటా? నువ్వు తినలే అన్న దినమే పొయ్యి ముట్టిచ్చిన. నువ్వు మొఖం దాస్కున్నవ్, నేను గూడ బంద్ వెట్టిన."

"మరి తిన్న అన్నవ్?"

"మాకు సుత అబద్ధం గునానే, పాపమే బేటా. గని తిన్నవా అంటె తిన్న అనుడు అబద్ధం గాదు, మర్యాద."

నాకు ఏడుపొచ్చింది. ఇంతకాలం నేనొక్కణ్ణే ఒంటరినన్నట్టు, గోడకు ఇటువైపు కూర్చుని ఎంత గర్వంగా దిగులుపడ్డాను! ఆ సాయంత్రం ఆమె టమాటా పప్పు చేసింది, ఉల్లిగడ్డలు నేను కోశాను (కాబట్టి ఏడుపు సంగతి బయటపడలేదు). రెండు పళ్లేలు పెట్టుకుని వరండాలో తిన్నాం. సంచి విప్పేశాను. నెలాఖరు వచ్చింది, పోయింది, నేను మాత్రం పోలేదు. పాస్టరయ్యతో చెబితే షెడ్డు రేకులు అదిరేలా నవ్వాడు. "నోరు కాపాడుకోరా అంటె కడుపు కాపాడుకున్నవ్ గదరా! పోనీ, ఇద్దరియి కాపాడినవ్" అన్నాడు.

ఇప్పుడు జగిత్యాలలో నాకు సొంత ల్యాబు ఉంది. చీమ కుట్టినట్టుంటదని నేనూ ధారాళంగా చెబుతున్నాను. చదువు కోసం బిడ్డ, దానికి తోడుగా నా భార్య హైదరాబాదులో ఉంటున్నారు. బిడ్డ రోజూ ఫోన్ చేసి "తిన్నవా డాడీ?" అంటుంది. తిన్నానంటాను. పాపం, దానికి క్లాసులు, పరీక్షలు. రెండో ప్రశ్న దాకా రాదు, రాకుండా నేనే మాట మారుస్తాను. నీతులు చెప్పే వయసు వచ్చింది కానీ పాటించే వయసు దాటిపోయినట్టుంది.

మొన్న ఒక సాయంత్రం నిజామాబాదుకు, ఖాలాకు ఫోన్ చేశాను. కూతురి దగ్గరే ఉంటోంది, మిషను మాత్రం వదల్లేదు, వెనకాల టకటక వినబడుతోంది. "తిన్నవా బేటా?" అంది. "తిన్న ఖాలా" అన్నాను. "ఏం కూర?" అంది.

ఇంత వయసొచ్చి, తల సగం నెరిసి, మళ్లీ నేల చూపులు చూశాను. "అరటిపండ్లు" అన్నాను.

మిషను ఆగిపోయింది. "ఫోన్ పెట్టకు. నువ్వు పొయ్యి ముట్టిచ్చిన చప్పుడు నాకు ఇనబడాలె" అంది. నేను నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లి లైటరు నొక్కాను. అటువైపు మిషను మళ్లీ మొదలైంది.