మట్టల ఆదివారం, నీలగిరి కొమ్మలు

తబితా చేతులు ఎప్పుడూ గరుకే. మన్నళ్ళి పక్కన చర్చి సంఘం గుట్ట మీద ఈత మట్టలు కోసుకొచ్చి, ఎండబెట్టి, చీల్చి, చాపలూ బుట్టలూ అల్లేది. భర్త పోయాక ఇల్లు నడిచింది ఆ ఈత మీదే. అల్లుతున్నంతసేపూ చేతులతో పాటు నోరూ ఆడేది. ఆ నోటికి జంకని మనిషి ఊళ్ళో ఒక్కడే, ఆమె తమ్ముడు సొలొమోను. అది ధైర్యమేమీ కాదు, ఎవరేమన్నా వాడి చెవికెక్కేది కాదు.

సొలొమోను సంఘ పెద్ద. మట్టల ఆదివారం ఊరేగింపులో అందరికన్నా ముందు నడవడం నాయన నుంచి వాడికి వచ్చిన హక్కు. గుట్ట మీది ఈత మట్టలు పిల్లలకు పంచి, అన్నిటికన్నా పొడుగుది తాను పట్టుకుని హోసన్నా అని పాట ఎత్తుకునేవాడు. ఏడాది మొత్తంలో వీడు చేసే సేవ ఆ కాస్త నడకేనని తబితా ఎగతాళి చేసేది.

హైదరాబాదులో మేడల మీద మేడలు లేస్తున్న ఏళ్ళవి. స్లాబు కింద నిలబెట్టే సెంట్రింగు కర్రలకు పట్నంలో మస్తు గిరాకీ ఉందనీ, నీలగిరి వేస్తే లారీలు గుట్ట దగ్గరికే వస్తాయనీ బీదర్ బజారులో కట్టెల వ్యాపారి అమర్నాథ్ చెప్పాడు. అంతే, మన పెద్దమనిషికి బుర్ర తిరిగింది. మోదుగ, తునికి, పరికి, కలివి, బలుసు, రేల, ఈత, అన్నిటినీ కలిపి కంప అనేశాడు. ముళ్ళకంప భూమికి తగిలిన శాపమనీ, నిటారుగా పెరిగే చెట్టే దేవునికి ఇష్టమనీ చర్చిలో నిలబడి చెప్పాడు. శాపమూ పోయి, పైగా ఆదాయమూ వస్తుందంటే ఎవరు కాదంటారు? అందరూ తలలూపారు.

తబితా ఒక్కతే లేచింది. "కలివిపండ్లు బుక్కినప్పుడు శాపమని ఎర్క లేకుండెనా తమ్మీ? ఒక్క మూల ఇడువు. ఈత ఉన్న మూల."

"ఇడిస్తే వరుస చెడుతదక్కా," అన్నాడు సొలొమోను.

వరుస చెడలేదు. జేసీబీ గుట్టను గుండు గీసి పెట్టింది. తబితా ఒక్క ఈత పిల్లను వేళ్ళతో సహా తవ్వి తెచ్చి, ఇంటి వెనక గిన్నెలు తోమే జాలాడి నీళ్ళు పారే చోట నాటుకుంది. చాపలు ఆగిపోయాయి. ఆమె కూలికి పోయింది.

నీలగిరి బారులు తీరి లేచింది. కింద రాలిన ఆకు పరుచుకుంది గానీ, దాని నడుమ ఒక్క మోదుగ మొలక కూడా తల ఎత్తలేదు. మేకలు మూతి పెట్టలేదు. తీరా కొట్టే వేళకు అమర్నాథ్ వచ్చి చూసి, మొరం నేలలో కర్ర సన్నబడిందన్నాడు, పట్నంలో ఇప్పుడు కర్రలకు బదులు ఇనుప జాకీలు వాడుతున్నారన్నాడు. చాయ్ తాగి వెళ్ళిపోయాడు. దేవునికి ఇష్టమైన చెట్లు ఎవరికీ అక్కర్లేక అట్లాగే నిలబడ్డాయి.

గుట్ట మీద ఈత పోయాక, మట్టల ఆదివారానికి ఏటా హుల్సూర్ వైపు నుంచో భాల్కి వైపు నుంచో ఈత మట్టలు తెప్పించి నెట్టుకొచ్చేవాళ్ళు. ఆ ఏడు ఎక్కడా దొరకలేదు. పిల్లలకు నీలగిరి కొమ్మలు విరిచి ఇమ్మని సెలవిచ్చి, సొలొమోను పొద్దున్నే కొడవలితో అక్క ఇంటికి వచ్చాడు. తన ఒక్కడి చేతిలోనైనా ఈత ఉండాలట, లేకపోతే జనం నవ్వుతారట.

తబితా వాడిని ఈత దగ్గరికి తీసుకుపోయింది. ఎంతైనా తమ్ముడు.

"పక్క మట్టలు రెండు కోసుకో. నడిమి మొవ్వ ముట్టకు. మొవ్వ పోతే చెట్టు పోతది," అని చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

ఊరేగింపు కదిలింది. పిల్లల చేతుల్లో నీలగిరి కొమ్మలు ఊగుతుంటే వీధంతా జలుబు మందు వాసన. ముందు సొలొమోను, ఇస్త్రీ చొక్కాలో, వాడి చేతిలో మిసమిసలాడే లేత మట్టల కట్ట. ఎవరో మెచ్చుకుంటే మన గుట్ట ఈతే అంటున్నాడు. ఆడవాళ్ళ వరుసలోంచి తబితా ఆ లేత రంగు చూసింది. అది మొవ్వ. గబగబా ముందుకు వచ్చి వాడి ఎదురుగా నిలబడింది. అరవలేదు.

"ఇది గుట్టది కాదు. గుట్ట మీద నువ్వు పెట్టింది పోరగాండ్ల చేతులల్ల ఉన్నది. నీ చేతిల ఉన్నది ఆఖరి ఈత. దాన్ని గూడ సంపి, పట్టుకొని ఊపుతున్నవ్."

ముందు వరుసల్లో పాట ఆగిపోయింది. సొలొమోనుకు ఎత్తిన చెయ్యి దించాలో ఉంచాలో తెలియలేదు. వెనకవాళ్ళకు ఏమీ వినపడక పాడుకుంటూ తోసుకొచ్చారు. వాడు ఆ మొవ్వను అట్లాగే ఎత్తి పట్టుకుని, తల మాత్రం దించుకుని నడిచాడు.

తబితా చర్చికి పోలేదు. ఇంటికి వచ్చి ఈత దగ్గర కూర్చుంది. మొవ్వ కోసిన నడుమ గుంటలో నీరు ఊరుతోంది. కోసుకొమ్మన్న పక్క మట్టలు మాత్రం చెక్కుచెదరలేదు. అవి వాడిపోక ముందే కోసి, ఎండబెట్టి, ఒక మనిషి కూర్చునేంత చాప అల్లింది. అమ్మలేదు. ఇంటికి ఎవరొచ్చినా దాని మీదే కూర్చోబెట్టేది. సొలొమోను వస్తే మాత్రం చాప చుట్టి గోడకు ఆనించేది.