మా మేస్త్రీ చక్రాల కుర్చీ ఎక్కిన రోజు

పోతిరెడ్డిపల్లిలో మేము కట్టుకుంటున్న ఇంటికి పునాది ఎంత ఎత్తుండాలన్న గొడవే ఈ ప్రయాణానికి కారణం. మా వైపు ఇల్లు కట్టేవాళ్ళకు ఈ గొడవ కొత్త కాదు. కొత్త కాలనీల్లో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర పోస్తారు. రోడ్డు పెరుగుతుంది, ఇల్లు కిందికి పోతుంది, వానాకాలంలో నీళ్ళు తిన్నగా హాల్లోకి వస్తాయి. అందుకని ఎవరు కట్టినా పక్కింటికన్నా కాస్త ఎత్తు లేపుతారు. పక్కవాళ్ళు మూడున్నర అడుగులు లేపారు కాబట్టి మా మేస్త్రీ యాదగిరి మాకు నాలుగడుగులు లేపాడు. దాని మీద నిలబడి వీధిని చూస్తే నాకూ గొప్పగానే అనిపించింది. చిక్కల్లా ఒక్కటే. ఆ ఇంట్లో కింది భాగం మా అక్క సునందది, అక్క చక్రాల కుర్చీలో తిరుగుతుంది.

అక్క పటాన్‌చెరు దగ్గర సర్కారు బడిలో లెక్కల టీచరు. ఏడేళ్ళ కిందట ఇస్నాపూర్ దగ్గర ఆమె స్కూటీకి లారీ తగిలింది. అప్పటి నుంచి కాళ్ళు పనిచేయడం లేదు గానీ నోరు మాత్రం మునుపటికన్నా బాగా పనిచేస్తోంది. ఆమెకు లోకంలో అన్నిటికంటే ఎక్కువ ఒళ్ళు మండేది ఎవరైనా తనను కుర్చీతో సహా ఎత్తినప్పుడు. ఏ ఫంక్షన్ హాలుకు వెళ్ళినా మెట్ల దగ్గర నలుగురు మగవాళ్ళు చొక్కా చేతులు మడుచుకుని తయారుగా ఉంటారు. ఆమె చీర సర్దుకునేలోపే గాల్లోకి లేపేస్తారు, పైన దించాక ఫొటో కూడా దిగుతారు. యాదగిరి దృష్టిలో మాత్రం ఇదంతా అసలు సమస్యే కాదు. గేటు దగ్గర ఆరడుగుల పొడవున ఒక ర్యాంపు పోస్తానన్నాడు.

"నా బండి మీద రెండు సిమెంటు బస్తాలు ఏస్కొని గసొంటి ర్యాంపు మీదికెల్లి రోజు ఎక్కుత. గింత కుర్చీ ఎక్కదా?" అని అడిగాడు.

అక్క నా వైపు తిరిగి నిమ్మళంగా చెప్పింది. "తమ్మీ, నా ఇంట్లకు నేను పోవుడుకు నలుగురిని పిలవాలంటే ఆ ఇల్లు నాకొద్దు. మీరే ఉండుండ్రి. నేను కిరాయి ఇంట్లనే ఉంట."

అక్క అరిచి చెబితే భయపడనక్కర్లేదు, నిమ్మళంగా చెబితే భయపడాలి. వచ్చే ఆదివారం పునాది మీద చుట్టూ బెల్టు కాంక్రీటు పోయాలి. అది పోశామంటే ఇంటి ఎత్తు ఖాయమైపోయినట్టే, ఇక ఎవరేం చేసినా మారదు. మియాపూర్ అవతల ఒక కేంద్రం ఉందని, నడవలేనివాళ్ళకూ చూపు లేనివాళ్ళకూ ముసలివాళ్ళకూ అనువుగా ఇళ్ళు ఎలా కట్టాలో అక్కడ కట్టి చూపిస్తారని అక్కకు తోటి టీచరు చెప్పిందట. మర్నాడు బెల్టు అనగా రెండో శనివారం బడికి సెలవు. గడ్డపోతారంలో నా మందుల ఫ్యాక్టరీలో నేనూ సెలవు పెట్టాను. యాదగిరి కూడా వస్తానన్నాడు. నేర్చుకోవడానికి కాదు, ఆ కేంద్రంవాళ్ళకు నాలుగు మాటలు చెప్పడానికి.

బండి కుదరడమే మొదటి గండం. యాప్‌లో కారు పిలిస్తే వెనక డిక్కీలో గ్యాస్ సిలిండరే ఉంటుంది, కుర్చీకి చోటుండదు. యాదగిరి తన సెంట్రింగ్ రేకులు మోసే ట్రాలీ ఆటో తెస్తానన్నాడు. అక్క అతని వైపు చూసిన చూపుకు ఆ మాట అక్కడే ఆగిపోయింది. చివరికి సంగారెడ్డి బస్టాండు దగ్గర సలీం అనే డ్రైవరు దొరికాడు. పాత కారు, పైన క్యారియరు ఉంది. రోజంతా వెయిటింగుతో కలిపి రెండున్నర వేలకు ఒప్పుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాము. కుర్చీని తాళ్ళతో పైన కట్టాము. యాదగిరి తెల్ల చొక్కా వేసుకుని, జేబులో టేపు పెట్టుకుని, పెళ్ళిచూపులకు పోయేవాడిలా ముందు సీట్లో కూర్చున్నాడు.

బొంబాయి హైవే మీద కంది, రుద్రారం దాకా బండి హాయిగానే పోయింది. ఇస్నాపూర్ దగ్గర ఫ్యాక్టరీల షిఫ్టు బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కి మమ్మల్ని చాలాసేపు కదలనివ్వలేదు. కాబట్టి మీరు ఇటు నుంచి వెళ్ళేటట్టయితే ఏడింటికి ముందో, తొమ్మిదిన్నర తర్వాతో బయల్దేరండి. అక్కడ గాలిలో వాసన రాగానే అందరూ అద్దాలు ఎక్కించారు, నేనొక్కణ్ణే అది ఏ మందు తయారీ వాసనో చెప్పబోయాను. ఎవరూ వినలేదు. పన్నెండేళ్ళుగా క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నా నా చదువుకు ఇంట్లో ఇంతే విలువ.

పటాన్‌చెరులో టిఫినుకు ఆగాము. హోటలుకు అయిదు మెట్లు. సర్వరు బయటికి వచ్చి కారులో అక్కను చూసి, "మేడంను లేపుదమా?" అని ఎంతో ప్రేమగా అడిగాడు. అక్క కూడా అంత ప్రేమగానే, ఇడ్లీలను లేపుకొని రమ్మంది. ఆమె కారులోనే తింది గానీ టీ వద్దంది. టీ అంటే ప్రాణమిచ్చే మనిషి ఎందుకు వద్దందో అప్పుడు నేను అడగలేదు, గ్యాస్ పట్టిందేమో అనుకున్నాను. ఆమె వాటా కూడా యాదగిరే తాగాడు. రెండు టీలయ్యాక వేడి చేస్తుందని గ్లాసెడు మజ్జిగ కూడా పట్టించాడు. నలుగురికీ కలిపి మూడు వందలు కూడా కాలేదు.

బీరంగూడ, చందానగర్ దాటి పదిన్నరకు కేంద్రం చేరుకున్నాము. బయట పెద్ద హంగేమీ లేదు, ఒక అంతస్తు భవనం. కారు దిగగానే నేను అలవాటు ప్రకారం అక్క కుర్చీ వెనక పిడులు పట్టుకోవడానికి పరిగెత్తాను. అక్క అప్పటికే లోపలుంది. గేటు నుంచి హాలు దాకా ఒక్క మెట్టు లేదు, ఒక్క గుంత లేదు. ఏడేళ్ళలో మొదటిసారి నా చేతులకు పని లేకుండా పోయింది, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాను. అక్క హాలు మధ్యలో కుర్చీని గిర్రున ఒక చుట్టు తిప్పింది. ఆమె మొహం చూస్తే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్కడ చూపించే ఆమె పేరు స్రవంతి, ముప్పై ఏళ్ళుంటాయి, ఆర్కిటెక్టు. ప్రవేశానికి డబ్బులేమీ తీసుకోరు, ముందురోజు ఫోను చేసి చెబితే చాలు. కానీ ఒక నియమం ఉంది. ఇల్లు కట్టించేవాళ్ళ తరఫున ఎవరో ఒకరు మొత్తం కేంద్రాన్ని చక్రాల కుర్చీలోనే చూడాలి, చివరిదాకా లేవకూడదు. నేను ముందుకు రాబోయేలోపే యాదగిరి కూర్చున్నాడు. చక్రాల కుర్చీ పెద్ద విషయం కాదని నిరూపించడానికి ఇంతకన్నా మంచి అవకాశం రాదనుకున్నాడు కాబోలు.

మొదటి గదిలో పక్కపక్కనే మూడు ర్యాంపులున్నాయి. చాలా ఇళ్ళ ముందుండే రకం ఇదని స్రవంతి నిటారుగా ఉన్నదాన్ని చూపించింది. అది అచ్చంగా యాదగిరి పోస్తానన్న ర్యాంపే. అతను టేపు తీసి కొలిచి మరీ సంతోషపడ్డాడు, చేతులు రుద్దుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. రెండు తోపులు బాగానే తోశాడు. మూడో తోపుకు కుర్చీ ఆలోచనలో పడింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి బయల్దేరింది. ర్యాంపు పై చివర నిలబడ్డ మా వైపే యాదగిరి మొహం ఉన్నా మనిషి దూరమవుతున్నాడు. పటాన్‌చెరు టీ గొప్పతనం గురించి కింద నిలబడి ఎవరికో ఫోనులో చెబుతున్న సలీం, ఫోను వదలకుండానే ఒక్క చేత్తో కుర్చీని ఆపాడు.

ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు కావాలని స్రవంతి చెప్పింది. అక్క వెంటనే లెక్క కట్టింది. నాలుగడుగులకు నలభై ఎనిమిది. ముందు నుంచి వెనక దాకా మా జాగా యాభై అడుగులే. అంటే ర్యాంపు గేటు దగ్గర మొదలై, మా హాలు దాటి, వంటింట్లోంచి పోయి, వెనక ప్రహరీ దగ్గర తేలుతుంది. ఇంట్లోకి వెళ్ళడానికి ర్యాంపు ఉంటుంది గానీ వెళ్ళడానికి ఇల్లు ఉండదు. అడుగున్నర ఎత్తయితే పద్దెనిమిది అడుగులు చాలు, తూర్పు ప్రహరీ పక్కనే సరిపోతుంది. రోడ్డు మళ్ళీ పెరిగితే ఎట్లా అని నేను అడిగాను. రోడ్డు పెరిగితే ర్యాంపు ఇంకా మెత్తగవుతుంది కదా, వాన నీళ్ళకు గేటు ముందు పైన జాలీ వేసిన కాలువ పెట్టుకుంటే సరి అంది అక్క. స్రవంతి తలూపింది. మా కాలనీలో ఇన్నేళ్ళుగా ఇంత మంది ఇంత ఎత్తులు లేపుతుంటే ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

యాదగిరి మాత్రం అప్పటికింకా ఓడిపోలేదు. పునాది మీద పరువుంటుంది, పక్కింటికన్నా తక్కువుంటే తన పేరేమవుతుందని గొణుగుతూనే ఉన్నాడు. పైగా అతని ధ్యాస వేరే చోట ఉన్నట్టు కనిపించింది. రెండు టీలు, ఒక మజ్జిగ తమ పని మొదలుపెట్టాయి. కుర్చీలోంచి లేవచ్చు కదా అన్నాను. మాటంటే మాటేనన్నాడు. ఎదురుగా మామూలు ఇంటి స్నానాల గది నమూనా ఉంది, నీళ్ళు కూడా వస్తాయి. చూడగానే, "గీ తలుపు నేను పెట్టే సైజే" అని గర్వంగా లోపలికి దూరాడు.

దూరడమైతే దూరాడు. కాళ్ళు పెట్టుకునే పలక కమోడుకు తగిలింది. అటు తిరుగుదామంటే గోడ, ఇటు తిరుగుదామంటే వాష్ బేసిను. తలుపు మూద్దామంటే కుర్చీ వెనక భాగం ఇంకా బయటే ఉంది. వెనక్కి రాబోతే చక్రం తలుపు చౌకట్టుకు పట్టేసింది. లోపలి నుంచి కాసేపు చప్పుళ్ళు వచ్చాయి, తర్వాత అవి కూడా ఆగిపోయాయి. "టీచరమ్మా, జెర సూడుండ్రి" అన్న గొంతు మాత్రం వినిపించింది. నేను, సలీం కలిసి కుర్చీని ఎత్తబోయాము. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. బడిలో బోర్డు ముందు నిలబడ్డ పిల్లవాడికి చెప్పినట్టు, తొందర లేకుండా చెప్పింది.

"పరేషాన్ గాకు మేస్త్రీ. ఎడమ చక్రం పట్టుకొని ఆపు. కుడిది ముందుకు నూకు. ఇగ రెండూ కలిపి ఎనకకు గుంజు."

మూడోసారికి బయటపడ్డాడు. తెల్ల చొక్కా చెమటకు తడిసిపోయింది. స్రవంతి అతన్ని పక్కనున్న వెడల్పాటి గదికి పంపింది. అందులో కుర్చీ చుట్టూ తిరిగే చోటుంది, గోడకు పట్టుకునే కడ్డీలున్నాయి. యాదగిరి లోపలికి వెళ్ళాడు, అవసరానికి మించి చాలాసేపు ఉన్నాడు. టేపు లాగుతున్న చప్పుడు బయటికి వినిపించింది.

వచ్చాక మామూలుగా అయితే ఏదో ఒకటి వాదించేవాడు. ఈసారి టేపు జేబులో పెట్టుకుని అక్కను అడిగాడు. "టీచరమ్మా, మరి ఇస్కూల్ల నువ్వెట్ల జేస్తవ్?"

"పొద్దుగాల చాయ్ తాగ, నీళ్ళు తాగ. ఇంటికొచ్చినంకనే" అంది అక్క, టైంటేబులు చెబుతున్నట్టు.

ఏడేళ్ళుగా రోజూ ఆటోలో ఆమెను బడి దగ్గర దింపుతున్నవాణ్ణి నేనే. ఈ సంగతి నాకు తెలియదు. ఆమె వద్దన్న టీ గుర్తొచ్చి నాకు చాలా కష్టంగా అనిపించింది.

మాదిరి ఇంటి గుమ్మం దగ్గర యాదగిరి మళ్ళీ మామూలు మనిషయ్యాడు. అక్కడ పైకి గడప కనిపించలేదు. గడప లేకపోతే అది ఇల్లెట్లయితది, గోదాం అంటరు గని, పసుపు ఎక్కడ రాస్తరు అని నిలదీశాడు. స్రవంతి వంగి చూపించింది. టేకు గడప ఉంది, నేలకు సమంగా దిగేసి ఉంది. యాదగిరి కుర్చీని దాని మీదుగా ముందుకీ వెనక్కీ నాలుగైదుసార్లు నడిపాడు, ఎక్కడా తగల్లేదు. "ఇది నేను ఇంతకన్న మంచిగ జేస్త" అన్నాడు. అతను ఒప్పుకున్నాడనడానికి అంతకు మించిన గుర్తు ఉండదు.

సాయంత్రం నాలుగింటికి పోతిరెడ్డిపల్లి చేరగానే యాదగిరి కూలీలకు ఫోను చేసి రేపు బెల్టు లేదు, గడ్డపారలు తెమ్మన్నాడు. తను లేపిన గోడను తనే రెండున్నర అడుగులు దగ్గరుండి తీయించాడు. పక్కింటాయన వచ్చి డబ్బులు అయిపోయినాయా ఏంది అని అడిగితే, ఇది కొత్త డిజైనని, మీదాన్లోకి ఎక్కాలంటే ఆయాసమొస్తదని చెప్పాడట.

మొన్న గృహప్రవేశమైంది. నేలకు సమంగా ఉన్న టేకు గడప నిండా పసుపు రాశారు. ర్యాంపు మీదుగా అక్క తనంతట తనే గుమ్మం దాకా వచ్చింది. పంతులుగారు అలవాటుగా, కుడికాలు ముందు పెట్టమ్మా అన్నారు. అని, కుర్చీ చూసి ఆగిపోయారు. బంధువుల్లో నలుగురు అప్పటికే చొక్కా చేతులు మడుచుకుని ముందుకు వచ్చేశారు. యాదగిరి జనాన్ని తోసుకుని వచ్చి వాళ్ళకు అడ్డం నిలబడ్డాడు.

"ఎవ్వరు ముట్టకుండ్రి" అన్నాడు. "టీచరమ్మా, ఎడమది పట్టుకొని ఆపు. కుడిది ముందుకు నూకు."

అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే ఎడమ చక్రం ఆపి కుడి చక్రం ముందుకు తోసింది. కుడి చక్రం ముందు, ఎడమ చక్రం తర్వాత గడప దాటాయి. హాల్లో కొత్త టైల్స్ మీద రెండు పసుపు గీతలు పడ్డాయి, కుడివైపుది జానెడు ముందుకు ఉంది. వాటిని ఆ రోజంతా ఎవరినీ తుడవనివ్వలేదు.

ఊళ్ళు తిరిగి రావడమంటే నాకు ఇష్టం, చాలా చోట్లకు వెళ్ళాను. కానీ వెళ్ళొచ్చాక మా ఇంటి ఎత్తు మారిన ప్రయాణం ఇదొక్కటే. ఇప్పుడు ఏ మెట్లు చూసినా నా కళ్ళు ముందు వాటిని లెక్కపెడతాయి, తర్వాత అక్కడికి రాలేని మనిషి కోసం చుట్టూ వెతుకుతాయి. అక్క ఇప్పుడు పొద్దున్నే తన వంటింట్లో టీ పెట్టుకుంటోంది, సెలవు రోజుల్లో అయితే రెండు కప్పులు తాగుతోంది. బడి సంగతి ఇంకా తేలలేదు. వాళ్ళ హెడ్మాస్టరుగారిని వచ్చే రెండో శనివారం కేంద్రానికి తీసుకెళ్తున్నాము, కుర్చీలో ఆయనే కూర్చుంటారు. మీరూ వెళ్ళాలనుకుంటే నేను చెప్పేది ఒక్కటే. బెల్టు పోయకముందే వెళ్ళండి, నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వాళ్ళను వెంట తీసుకెళ్ళండి, దారిలో పటాన్‌చెరులో ఆగి వాళ్ళకు తప్పకుండా రెండు టీలు తాగించండి.