యాకూబ్ గారు వాడని ఓవర్‌డ్రాఫ్ట్

నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుండగా, ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను భద్రాచలం బ్రాంచికి చీఫ్ మేనేజర్‌గా వేశారు. చేరిన పది రోజులకే ఖమ్మంలోని రీజినల్ ఆఫీసు నుంచి ఒక జాబితా వచ్చింది. ఏడాదికి పైగా ఒక్కసారి కూడా వాడని ఓవర్‌డ్రాఫ్టులన్నీ అందులో ఉన్నాయి.

ఓవర్‌డ్రాఫ్ట్ అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా ఒక హద్దు వరకు తీసుకోవచ్చని బ్యాంకు ముందుగా ఇచ్చే అనుమతి. ఆ హద్దును మేం లిమిట్ అంటాం. ఖాతాదారు పైసా తీసుకోకపోయినా, ఎప్పుడైనా తీసుకోవచ్చు కనుక బ్యాంకు అందుకోసం కొంత మూలధనం పక్కన పెట్టుకోవాలి. అందుకే వాడనివాటిని తగ్గించమని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. ఒక్కో పేరు ఎదుట కొనసాగించాలో రద్దు చేయాలో బ్రాంచి మేనేజరే సిఫారసు చేయాలి.

జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. ఒక మధ్యాహ్నం కూర్చుని, గత రెండేళ్ల లావాదేవీలు మాత్రమే చూసి, పదకొండింటికి రద్దు అని రాసి సంతకం పెట్టాను. ఏ ఒక్కరికీ ఫోన్ చేయలేదు. వారం తిరిగేసరికి వాళ్లందరికీ నెల గడువుతో నోటీసులు వెళ్లాయి.

మే మొదట్లో చర్ల నుంచి యాకూబ్ గారు వచ్చారు. అరవై దగ్గర పడిన కిరాణా వ్యాపారి. చర్లలో బ్యాంకులు లేని రోజుల్లో వాళ్ల నాన్న మా దగ్గర ఖాతా తెరిచారు. లిమిట్ కూడా అప్పటినుంచి ఉన్నదే. చర్ల లాంటి గిరిజన ఏజెన్సీ ప్రాంతంలో భూమిని తనఖా పెట్టుకోవడానికి చట్టం అడ్డు కాబట్టి, ఖమ్మంలో యాకూబ్ గారి భార్య పేర ఉన్న ఇంటిని హామీగా పెట్టారు.

నోటీసు నా బల్ల మీద పెట్టి, "నేనేం తప్పు చేసిన మేడం?" అని అడిగారు.

తప్పేమీ లేదని, రెండేళ్లుగా వాడలేదు కాబట్టి తీసేస్తున్నామని చెప్పాను.

"అప్పు జేయకుంట నడుపుకున్న. గది తప్పయిందా?"

వాడనప్పుడు మీకు దాంతో పనేమిటన్నాను. ఆయన ప్లాస్టిక్ కవరులోంచి కాగితాల కట్ట తీశారు. ఏటా మేమిచ్చిన రెన్యువల్ ఉత్తరాల జిరాక్సులు.

"ఖమ్మంల హోల్‌సేల్ సేటు గీ కాగితం జూసే మూడు నెల్ల వాయిదా మీద సరుకిస్తడు మేడం. నేను కట్టకున్నా బ్యాంకుల నాకు ఇంత ఉందని ఆయన ధైర్యం. మీ పైసలు వాడుకోలే, మీ కాగితం వాడుకున్న."

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఈ సంగతి నాకు తట్టలేదు. లిమిట్ పోతే జూన్ సరుకు రాదన్నారు ఆయన. కొత్తగా దరఖాస్తు చేసుకోమందామంటే, ఇంటికి మళ్లీ లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ అయ్యేసరికి రెండు నెలలు. అప్పటికి వానలు ముదురుతాయి.

మర్నాడు మా ఫీల్డ్ ఆఫీసర్‌తో చర్ల వెళ్లాను. గుంతల రోడ్డు, దారిలో పోలీసు క్యాంపు దగ్గర తనిఖీ, మొత్తం రెండున్నర గంటల ప్రయాణం. యాకూబ్ గారి కొట్టు ముందు, దగ్గర్లోని వాగుకు అవతలి ఊరి ఆడవాళ్లు నలుగురు కూర్చుని తమలో తాము కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. వానల్లో సరుకులకు ఎట్లా అని అడిగితే ఒకామె తెలుగులో చెప్పింది: "వాగు పొంగితే ఇటు రాలేమమ్మా. ఉప్పు, నూనె, పప్పు జూన్‌లనే మోసుకపోతం. పైసలు పంట ఎల్లినంక ఇస్తం. ఈయన గాక ఎవరిస్తరు గట్ల?"

నేను ఒక గీత గీసి ఏం కొట్టేశానో అప్పుడు అర్థమైంది. భయం కూడా వేసింది.

రీజినల్ ఆఫీసులో అప్పుల విభాగం చూసే అధికారి నాకంటే పదేళ్లు చిన్నవారు. ఫోన్‌లో అంతా విని, "రద్దు సిఫారసు మీదే కదా మేడం. విచారించకుండా రాశానని రాసివ్వగలరా? అది లేకుండా ఇక్కడి లోన్ కమిటీ ముందు పెట్టలేను" అన్నారు. రాసిస్తే ఆ కాగితం నా సర్వీసు ఫైలులో ఉండిపోతుంది. రిటైర్‌మెంట్ ముందు ఎవరూ కోరుకునేది కాదు. ఒక రోజంతా ఆలోచించి, రాసిచ్చాను. చర్లలో చూసిందీ, సేటుతో ఫోన్‌లో మాట్లాడి తెలుసుకున్నదీ దానికి జతచేశాను.

గడువుకు నాలుగు రోజుల ముందు కమిటీ నిర్ణయం వచ్చింది. లిమిట్ ఉంటుంది, అయితే సగమే. మూడు నెలలకు ఒకసారైనా వాడాలని షరతు. సగమే తెచ్చానని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. యాకూబ్ గారు మాత్రం, "సగమన్న నిలబెట్టిన్రు మేడం, గదే శాన. మిగతాది నేను జూస్కుంట" అన్నారు. సేటు ఆ ఉత్తరం మీద సగం సరుకిచ్చాడు. మిగిలినదానికి యాకూబ్ గారు ఇంట్లో ఉన్న నగదు, తమ్ముడి దగ్గర తెచ్చింది కలిపారు. తొలి వానకు ముందే లారీ చర్ల చేరింది. ఆ ఏడు వాగు రెండుసార్లు పొంగింది. అవతలి ఊళ్లలో ఉప్పుకు కొరత రాలేదని సెప్టెంబరులో ఆయనే చెప్పారు. షరతు కోసం కొంత డబ్బు తీసి, వారంలో తిరిగి కట్టి, "మీ రూలుకు వడ్డీ దండుగ" అని నవ్వారు కూడా.

మిగిలిన పది ఫైళ్లు మళ్లీ తెరిచి ఒక్కొక్కరితో మాట్లాడాను. ఇద్దరు ఖాతాదారులు చనిపోయారు. అయిదుగురు తమకు అక్కర్లేదన్నారు. ముగ్గురి విషయంలో మాత్రం నా సిఫారసు మార్చి పంపాను. ఇద్దరివి నిలిచాయి, ఒకరిది పోయింది.

నా మీద ఫిర్యాదు చేయకుండా బస్సెక్కి నా దగ్గరికే వచ్చి అడిగినందుకు యాకూబ్ గారికీ, తప్పు ఒప్పుకోమని మర్యాదగానే పట్టుబట్టిన ఆ చిన్న అధికారికీ కృతజ్ఞతతో ఉన్నాను. ఖాతా పుస్తకంలో కనపడేది తీసిన డబ్బు మాత్రమే. ఆ అనుమతిని ఆసరా చేసుకుని ఖాతాదారు ఇంకేం నడుపుకుంటున్నాడో అందులో ఉండదు, అడిగితేనే తెలుస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మనిషితో మాట్లాడకుండా ఏ లిమిటూ రద్దు చేయలేదు. మాట్లాడాక రద్దు చేసినవి మాత్రం చాలానే ఉన్నాయి.