ఎడమవైపు రెండడుగులు

మా ఆఫీసువాళ్ళు ప్రతి శుక్రవారం సాయంత్రం మణికొండలో ఒక టర్ఫ్ మైదానం అద్దెకు తీసుకుని ఫుట్‌బాల్ ఆడతారు. నేను కాలేజీ టీములో ఆడానని ఎవరో చెప్పినట్టున్నారు, నన్నూ పిలుస్తారు. వెళ్ళి గట్టు మీద కూర్చుని నీళ్ళ సీసాలకు కాపలా కాస్తాను. ఎందుకు ఆడవంటే మోకాలు అంటాను. ఇంకెవరూ ఏమీ అడగరు. హైటెక్ సిటీలో మోకాలో, మెడో, నడుమో నొప్పిలేని మనిషినే వింతగా చూస్తారు.

మోకాలు అబద్ధం కాదు. కానీ బంతి దగ్గరికొస్తే ఇప్పటికీ నా ఒళ్ళు ముందు భయపడుతుంది, ఆ తర్వాతే మోకాలు గుర్తొస్తుంది.

బాచుపల్లిలో మా ఇంజనీరింగ్ కాలేజీ అమ్మాయిల టీములో సరిగ్గా పదకొండు మందిమి ఉండేవాళ్ళం. పన్నెండో అమ్మాయి కోసం మా కోచ్ సార్ క్లాసు క్లాసుకూ తిరిగి బతిమాలేవారు. ఎండలో నల్లబడతామని ఒకరు, ల్యాబ్ రికార్డులు ఉన్నాయని ఒకరు తప్పించుకునేవారు. అందుకే మ్యాచ్ రోజున బస్సెక్కే ముందు సార్ తలలు లెక్కపెట్టి, పదకొండు వస్తే ఊపిరి పీల్చుకునేవారు. జ్వరమొచ్చినా, కాలు బెణికినా ఎవరమూ చెప్పేవాళ్ళం కాదు. ఒకరు మానేస్తే మిగతా పదిమంది పరుగు పెరుగుతుందని అందరికీ తెలుసు.

నేను రైట్ బ్యాక్‌ని. మా గోల్‌కు కుడిపక్కన కాపలా అన్నమాట. గోల్ వేసినవాళ్ళ పేరు అందరికీ గుర్తుంటుంది, ఆపినవాళ్ళ పేరు అమ్మకైనా గుర్తుండదు. మా అమ్మకైతే నేను ఆడేది హాకీయో ఫుట్‌బాలో అన్న సందేహం ఏడాది పాటు ఉండింది. మాది కాకినాడ వైపు. నాన్నకు ఇక్కడికి బదిలీ అయ్యాక వచ్చాం. ఆటకు ఒప్పుకున్నప్పుడే అమ్మ ఒక షరతు పెట్టింది. "చూడమ్మా, ఎక్కడైనా దెబ్బ తగిలిందంటే ఆ రోజే ఆట ఆఖరు. మళ్ళీ నన్ను అడగద్దు," అంది.

రెండో సంవత్సరం వానల్లో దెబ్బ తగిలింది. తడి నేల మీద తిరగబోతే ఎడమ మోకాలు టక్కుమంది. ఆ చప్పుడు నాకు చెవులకంటే ముందు కడుపులో వినిపించింది. ఇంట్లో మాత్రం కాలేజీ బస్సు మెట్ల మీద జారానని చెప్పాను. అమ్మ ఉప్పు కాపడం పెడుతూ, పాపం, ఏ పాపమూ ఎరుగని ఆ డ్రైవర్‌ని మూడు రోజులు తిట్టింది.

వాపు తగ్గింది. భయం తగ్గలేదు. తిన్నగా పరిగెత్తితే ఏమీ లేదు. ఎడమవైపు గబుక్కున తిరిగితే మాత్రం మోకాలు తన దారిన తాను పక్కకు జారేది. దాంతో నాకు నేనే ఒక ఉపాయం కనిపెట్టుకున్నాను. బంతితో వచ్చే అమ్మాయికి ఎడమవైపు దారి మూసేసి, కుడివైపు ఖాళీగా వదిలేదాన్ని. ఆ అమ్మాయి నా కుడివైపుగా, బయటి గీత వెంట పోయేది, నేను వెంటబడేదాన్ని. ఎడమవైపు తిరిగే పనే ఉండేది కాదు.

తమాషా ఏమిటంటే రైట్ బ్యాక్ చేయాల్సిందీ అదే. మనిషిని గోల్‌కు దూరంగా, గీతవైపు తోలాలి. సార్ మురిసిపోయి, "చూసి నేర్చుకోండి అందరూ! ఒక్కసారి గూడ లోపలికి రానియ్యదు," అనేవారు. నేను తల వంచుకుని లేసులు కట్టుకునేదాన్ని. అందరూ అణకువ అనుకున్నారు. నిజానికి సార్ మొహం చూడలేక.

సార్ తిట్లన్నీ మా గోల్‌కీపర్‌కు మిగిలేవి. ప్రగతి నగర్ పిల్ల, నా క్లాసే. ఎన్నిసార్లు చెప్పినా గోల్ వదిలి రెండడుగులు ముందుకు, పక్కకు వచ్చి నిలబడేది. "ఏందమ్మా నీ పరేషాన్? జర గోల్‌ల నిలబడు!" అని సార్ అరిచేవారు. ఆమె "సరే సార్" అని వెనక్కి వెళ్ళి, సార్ తల తిప్పగానే మళ్ళీ వచ్చేది. దీనికి ఎంత చెప్పినా బుర్రకెక్కదని అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని.

మూడో సంవత్సరం సెమీఫైనల్. అవతలి టీములో రెండు జడల సన్నపిల్ల ఒకతె మొదటి సగంలో మూడుసార్లు నా మీదికొచ్చింది. మూడుసార్లూ గీతవైపు తోలాను. నాలుగోసారి ఆ పిల్ల బంతిని చూడలేదు, నా కాళ్ళను చూసింది. దొరికిపోయానని తెలిసింది.

మధ్యాహ్నం మూడైంది, రెండు టీములూ ఒక్క గోలూ వేయలేదు. ఆ పిల్ల కుడివైపు పోతున్నట్టు భుజం వంచి, బంతిని నా ఎడమవైపుకు లాగింది. నేను తిరగాలి. తిరిగితే అందుతుంది కూడా. తిరగలేదు. మోకాలు జారలేదు, జారుతుందేమోనని నేనే స్తంభంలా నిలబడిపోయాను.

నా వెనకనుంచి గోల్‌కీపర్ వచ్చి ఆ పిల్ల కాళ్ళ మీద పడింది. బంతి ఆగింది. తర్వాత ఆమె కేక వినిపించింది. కుడి మణికట్టు విరిగింది.

మిగిలిన పదిమందిమి ఆడి రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. బస్సులో సార్ నా భుజం తట్టి, "నువ్వు కరెక్ట్‌గనే ఉన్నవ్. ఆమెనే తొందరపడ్డది. గోల్ లైన్ మీద నిలబడమని ఏడాది సంది మొత్తుకుంటున్న," అన్నారు. పక్కవాళ్ళు అవునన్నారు. కాదంటే మోకాలి సంగతి చెప్పాలి, అమ్మకు తెలుస్తుంది, ఆట పోతుంది. బాచుపల్లి వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అంత అసహ్యంగా నేనెప్పుడూ ప్రవర్తించలేదు.

మూడో రోజు గోల్‌కీపర్ వాళ్ళింటికి వెళ్ళాను. చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఎడమచేత్తో ఉప్మా తింటోంది. పక్కన కూర్చుని, ఏడుస్తూ, మోకాలి సంగతంతా చెప్పేశాను.

"ఎర్కనే," అంది.

"ఎప్పటి నుంచి?"

"వానల నుంచి. ఎన్క నిలబడేదాన్ని నేనే గద, నీ కాలు నాకు కనపడదా? ఎడమ దిక్కు నుంచి వస్తే నువ్వు తిరగవని ఎర్కనే. అందుకే అటు జరిగి నిలబడుతుంటి."

ఏడాది పొడుగునా తిన్న తిట్లన్నీ నాకోసం తిన్నవే. "సార్‌కు ఒక్కమాట చెప్పి ఉండొచ్చుగా," అన్నాను.

"దెబ్బ తగిలితే మీ అమ్మ ఆట మానిపిస్తదని టీంల చేరిన రోజే అంటివి గదా. పదకొండు మందిమే ఉంటిమి." గిన్నె పక్కన పెట్టింది. "గానీ నేను తొందరపడ్డనని అంటున్నరంట అందరు. నేను తొందరపడలే. గదొక్కటి సార్‌కు చెప్పు. ఇప్పుడే చెప్పు."

ఎడమచేత్తో తడబడుతూ తనే నెంబరు నొక్కి ఫోను నా చేతిలో పెట్టింది. అది మోగినంతసేపూ, పెట్టేద్దామా అనే అనుకున్నాను. రెండు జడల పిల్ల ముందు కూడా అంత భయపడలేదు.

"చెప్పమ్మా," అన్నారు సార్.

"సార్, ఆమె తప్పేం లేదు. నా మోకాలు..." అని మొదలుపెట్టాను. నేను మాట్లాడుతుండగానే ఆమె కట్టు ఉన్న చేతిని పొదివి పట్టుకుని లేచింది. మంచం చుట్టూ తిరిగి వచ్చి, నా ఎడమపక్కన కూర్చుంది.